పెల్ వారి హాజరు

లిండ్సే హాడ్రెల్ పోయి ఆరు వారాలైంది. గురువారం పొద్దున్న అతని భార్య వెర్నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రిబ్బన్లు కత్తిరిస్తోంది. తొమ్మిది రంగులు, ఒక్కోటి జానెడు ముక్క. ముక్కని మధ్యకి మడిచి, మడత దగ్గర గుండుసూది గుచ్చి, అట్టపెట్టె మూతలో వరసగా పేర్చాలి. నీలం అరవై, పసుపు నలభై, ఆకుపచ్చ ఇరవై ఆరు. కిందటేడు ఆకుపచ్చ ఇరవై ఏడు. ఒకటి తగ్గించేటప్పుడు తన చెయ్యి ఆగలేదన్న సంగతి ఆమె గమనించింది.

ఓబదయా పెల్ అనే మనిషి 1808లో నార్ఫోక్ దీవి నుంచి ఓడలో వచ్చి, టాస్మేనియాలో డెర్వెంట్ నది ఒడ్డున దిగాడు. సర్కారు ఇచ్చిన నలభై ఎకరాలు దున్నుకుని, తొమ్మిదిమందిని కని పోయాడు. ఆ ఒడ్డున అతనికంటే ముందు ఎవరున్నారో చెబుతూ, అతని వంశంవాళ్ళు పెట్టుకున్న సంఘం పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం ఎవరూ పైకి చదవరు. ఏటా అక్టోబరు మొదటి ఆదివారం ఆ తొమ్మిదిమంది సంతతీ అతని సమాధి దగ్గర చేరుతుంది. ఏ బిడ్డ వైపువాళ్ళు ఆ బిడ్డ రంగు రిబ్బను పెట్టుకుంటారు. నాలుగో బిడ్డ సుసానా వైపువాళ్ళది ఆకుపచ్చ, అంటే లిండ్సేది. పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళది తెలుపు. తెల్ల రిబ్బన్లవాళ్ళు టీ కాస్తారు, కుర్చీలు మోస్తారు, అందరి పూర్వీకుల కథలూ తల ఊపుతూ వింటారు. సంఘం పెట్టిన దగ్గర్నుంచీ, ఇరవై రెండేళ్ళుగా, వెర్నా ఊపుతోంది.

పదింటికి డెస్మండ్ కాటెరాల్ వచ్చాడు. పసుపు వైపు మనిషి, రిటైరైన స్కూలు ఇన్‌స్పెక్టరు. లిండ్సే స్థానంలో ఇప్పుడు అతనే సంఘం రిజిస్ట్రారు. నాలుగు ఖాళీ పెట్టెలు నడవాలో దించి, టోపీ తియ్యకుండానే మొదలుపెట్టాడు.

"ఫైళ్ళన్నీ వీటిల్లో సర్దు వెర్నా. క్లిప్పులూ పిన్నులూ ఒక్కటి కూడా ఉండకూడదు, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. ఒక్కో కాగితం ఒక్కో ప్లాస్టిక్ కవరులో. ఏదైనా రాస్తే పెన్సిలుతోనే. సంఘం పుస్తకం సోమవారం అచ్చుకి పోతుంది. ఆ తర్వాత దేవుడొచ్చి చెప్పినా కొత్త పేరు చేర్చను."

"సరే."

"ఇంకోటి. ఆదివారం హాజరు నువ్వే పిలవాలి. కమిటీ మొత్తం అదే అనుకుంది. లిండ్సే పేరు చివర్న పెట్టాను. నీకు కష్టమైతే చెప్పు."

"కష్టమేముంది?" అంది వెర్నా. నిజంగానే ఏమీ లేదనిపించింది. అంత్యక్రియల రోజు కూడా ఆమె ఏడవలేదు. ఎంత ధైర్యమో అని అందరూ మెచ్చుకున్నారు. ఆమెకి మాత్రం మందపాటి తొడుగులు వేసుకుని పని చేస్తున్నట్టుంది. చేతికి వస్తువు తగులుతోంది, వేడో చల్లనో తెలియడం లేదు.

హాజరు అనేది పెల్ వాళ్ళ తంతు. వెనకటి రోజుల్లో సర్కారు ఏడాదికోసారి వలసవాళ్ళని వరసలో నిలబెట్టి పేర్లు పిలిచేదట. పిలిచినప్పుడు 'ఇక్కడే' అనాలి. అనకపోతే ఆ మనిషికి తిండిగింజలు ఉండవు. దాన్నే ఈ మనవలు పండగ చేసుకున్నారు. ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు సమాధి దగ్గర పిలుస్తారు. పోయినవాళ్ళ తరఫున వాళ్ళ రంగువాళ్ళు 'ఇక్కడే' అంటారు. తెల్ల రిబ్బనువాళ్ళు అనకూడదు. ఆ నియమం రాసింది లిండ్సే.

మధ్యాహ్నం గ్లెనిస్ టాప్ పెరటి తలుపు దగ్గరకి వచ్చింది. వీధి గంట నొక్కే అలవాటు ఆమెకి లేదు. డెబ్బై ఏళ్ళుంటాయి, పెళ్ళి చేసుకోలేదు, ఆస్పత్రి చాకిరేవులో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు ఉతికి రిటైరైంది. పదకొండేళ్ళుగా ప్రతి అక్టోబరులోనూ కేకు పట్టుకుని సమాధి దగ్గరకి వస్తుంది. ఆమెకి రిబ్బను లేదు. 'అతిథి' అని రాసిన చీటీ ఇస్తారు.

"లోపలికి రా, చలిగా ఉంది."

"బూట్లు బురద. ఇక్కడే చెప్పి పోతాను." గ్లెనిస్ సంచీ రెండు చేతుల్తోనూ పొట్టకి ఆనించి పట్టుకుంది. "అమ్మ జులైలో పోయింది, తెలుసుగా."

"తెలుసు. కార్డు పంపాను."

"పంపావు. పువ్వుల కార్డు. ఆదివారం పిలిచే జాబితా నీ దగ్గరే ఉందని డెస్మండ్ అన్నాడు."

వెర్నాకి అర్థమైంది. గ్లెనిస్ అమ్మమ్మ పుట్టుక కాగితంలో తండ్రి పేరు గడి ఖాళీ. ఆ తండ్రి పెల్ వారి మూడో కొడుకు మనవడని ఊరంతటికీ తెలుసు. అతను చచ్చిపోతూ ఆ పిల్లకి పాలిచ్చే ఆవుని రాసి ఇచ్చాడు కూడా. ఆవు సాక్ష్యం చెల్లదు. 1985లో సంఘంలో చేర్చుకోమని గ్లెనిస్ పెట్టిన దరఖాస్తు మీద లిండ్సే ఎర్ర సిరాతో 'ఒక మెట్టు లేదు' అని రాసి తిప్పి పంపాడు.

"అందులో ఏం చదవాలో డెస్ రాసిచ్చాడు గ్లెనిస్. నా చేతిలో ఏమీ లేదు."

"నాకు రిబ్బను వద్దులే. నా పేరు ఏ పుస్తకంలోనూ వద్దు. ఐడా టాప్ అని ఒక్కసారి పిలు. మనిషి చనిపోయిన ఏడాదే పిలుస్తారు కదా, వచ్చే ఏటికి అమ్మ పాతబడిపోతుంది. తొంభై నాలుగేళ్ళు బతికింది. పుట్టించినవాళ్ళ వైపు నుంచి ఎవరూ ఆవిణ్ణి ఒక్కసారి పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు."

"నేనేం చెయ్యను? నియమం అది."

గ్లెనిస్ కాసేపు ఆమె మొహంలోకి చూసింది. కోప్పడుతుందేమోనని వెర్నా ఎదురుచూసింది. గ్లెనిస్ కోప్పడలేదు. "సన్నబడ్డావు. ఏమైనా తింటున్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెర్నా లోపలికొచ్చి తెల్ల రిబ్బన్లు కత్తిరించింది.

*

శుక్రవారం అంతా ఫైళ్ళు. వెర్నా వెన్న రాసే మొద్దు కత్తి తీసుకుంది. తుప్పు పట్టిన క్లిప్పు కిందకి కత్తి మొన జొనిపి, పైకి లేపకుండా పక్కకి జారిస్తే కాగితం చిరగదు. లిండ్సే నేర్పిన పని. ఊడిన క్లిప్పు జాడీ మూతలో వేసి, కాగితం మీద మిగిలిన తుప్పు గీతని మెత్తటి బ్రష్షుతో దులిపి, కవరులోకి తోసి, అంచుమీద పెన్సిలుతో నంబరు వెయ్యాలి. ఒక్కో మనిషికి ఒక ఫైలు. ఒక్కో తరానికి మూడు కాగితాలు: పుట్టుక, పెళ్ళి, చావు. వాటి పైన లిండ్సే తయారుచేసిన పట్టిక, ప్రతి గడిలోనూ 'నకలు జతచేశాను' అని టైపు అక్షరాలు. నకలు లేని గడి ఉంటే ఎర్ర సిరా. ఆ విషయంలో అతను ఎవరి మొహమూ చూడలేదు. ఒకసారి మేయరు భార్యని కూడా తిప్పి పంపించి, వారం రోజులపాటు ఆ ముచ్చట చెప్పుకుని సంతోషించాడు.

నంబరు ఏడు అతనిదే. దాని దగ్గరకి వచ్చేసరికి మూడయింది. వెర్నా టీ పెట్టుకుని, తాగకుండా పక్కన పెట్టి, ఫైలు విప్పింది. లిండ్సే పుట్టుక, నకలు జతచేశాను. వాళ్ళ నాన్న పుట్టుక, నకలు జతచేశాను. తాత ఆర్థర్ హాడ్రెల్ పెళ్ళి, చావు, నకళ్ళు ఉన్నాయి. ఆర్థర్ పుట్టుక గడిలో మాత్రం వేరే మాట ఉంది. 'చూశాను. ఎల్.హెచ్.'

ఆమె రెండోసారి చదివింది. ఇరవై రెండేళ్ళుగా ఈ పట్టికలు ఆమే శుభ్రంగా టైపు కొట్టింది. చూశాను అన్న మాట ఏ గడిలోనూ కొట్టిన జ్ఞాపకం లేదు. చూశానంటే ఒప్పుకునే మనిషి కాదు లిండ్సే. ఈ ఒక్క పట్టికా అతను తన చేత్తో రాసుకున్నాడు.

చివర్న ఒక గోధుమరంగు కవరు ఫైలు అట్టకి క్లిప్పు పెట్టి ఉంది. క్లిప్పు అట్టలోకి పాతుకుపోయింది. వెర్నా కత్తి జొనిపి, ఓపిగ్గా, అటూ ఇటూ కదిలిస్తూ ఊడదీసింది. లోపల హోబర్ట్ అనాథాలయం నుంచి 1979లో వచ్చిన నకలు. ఆర్థర్ అనే బాలుడు, మూడేళ్ళు, తల్లిదండ్రులెవరో తెలియదు, హాడ్రెల్ దంపతులకి అప్పగించడమైనది. వాళ్ళు అతన్ని తమ బిడ్డగానే పెంచుకున్నారు. సుసానా రక్తం ఆ పెంచిన తల్లిది. ఆ రక్తం ఆర్థర్‌లో బొట్టు కూడా లేదు. లిండ్సేలోనూ లేదు.

అంటే పదిహేడేళ్ళ నుంచి అతనికి తెలుసు. గ్లెనిస్ దరఖాస్తు మీద ఎర్ర సిరాతో రాసే నాటికి తెలుసు. అలా రాసిన చేత్తోనే ప్రతి అక్టోబరులోనూ ఆకుపచ్చ రిబ్బను గుచ్చుకుని అద్దంలో సరిచూసుకునేవాడు. వెర్నా అంతా వరసగా అర్థం చేసుకుంది. ఏదో ఒకటి కలుగుతుందని కూర్చుని ఎదురుచూసింది. సిగ్గో, జాలో, ఏదో ఒకటి. టీ చల్లారిపోయింది. ఆమె కప్పు కడిగి బోర్లించి, మిగిలిన ఫైళ్ళు చీకటిపడేలోపు పూర్తి చేసింది. నంబరు ఏడు మాత్రం పెట్టెలో పెట్టలేదు.

*

శనివారం పొద్దున్న కవరు సంచీలో వేసుకుని బస్సెక్కింది. గ్లెనిస్ ఇల్లు నది అవతల, బీరులో వేసే హాప్స్ తీగల తోటల చివర, తగరపు కప్పు ఇల్లు. గ్లెనిస్ వంటింట్లో గుడ్ల తెల్లసొన గిలకొడుతోంది. పొయ్యి రాజుకుని ఉంది.

"కూర్చో. ఆపితే నురగ దిగిపోతుంది, మధ్యలో ఆపకూడదు," అంది గ్లెనిస్, చెయ్యి ఆపకుండా.

వెర్నా కూర్చుంది. తెల్లసొన నురగ గట్టిపడి గిన్నె బోర్లించినా కదలకుండా నిలిచేదాకా గ్లెనిస్ గిలకొట్టింది. పంచదార చెంచా చెంచాగా వేసి, పిండి జల్లించి, పెద్ద చెంచాతో కిందనుంచి పైకి మెల్లగా కలిపి, రెండు పళ్ళేల్లో పోసి పొయ్యిలోకి తోసింది. అప్పుడు చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"ఊఁ, చెప్పు."

వెర్నా కవరు బల్ల మీద పెట్టింది. "ఇది నువ్వు చూడాలి. నీకు చాలా అన్యాయం జరిగింది."

గ్లెనిస్ కవరు విప్పలేదు. దాని రంగు చూసింది, అంతే. "ఆర్థర్ కాగితమా?"

వెర్నా కవరు మీదనుంచి చెయ్యి తీసింది.

"నాకు తెలుసు వెర్నా. నన్ను తిప్పి పంపిన మరుసటి చలికాలం వచ్చాడు. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. అప్పటికి అమ్మ ఇంకా నడుస్తోంది. ఇద్దరికీ చెప్పాడు. 'నీకు రిబ్బను ఇస్తే నాది తిరిగి ఇచ్చెయ్యాలి గ్లెనిస్. నాదిచ్చేస్తే నేనెవర్ని?' అన్నాడు. ఏడిచాడు. అంత పెద్ద మనిషి మా వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే మాకు ఏం చెయ్యాలో తెలీలేదు. అమ్మ కేకు కోసి పెట్టింది. రెండు ముక్కలు తిన్నాడు."

"నువ్వు ఊరుకున్నావా?"

"నేను ఊరుకోలేదు. చెడామడా తిట్టాను. అమ్మే అంది, వాడికి ఉన్నదే అది, లాక్కోకు అని. మనకి ఆవైనా వచ్చింది, వాడికి అదీ లేదంది." గ్లెనిస్ కొంచెం నవ్వింది. "ఆ తర్వాత ఏటా చలికాలం మంగళవారాలు వచ్చి కట్టెలు కొట్టిపెట్టేవాడు. నేను రమ్మనలేదు, వద్దనలేదు. చూడు, పెరట్లో ఇంకా ఉన్నాయి."

మంగళవారాలు లిండ్సే హోబర్ట్‌లో పాత రికార్డులు చూడ్డానికి వెళ్ళేవాడు. వెర్నా అతనికి సాండ్‌విచ్‌లు కట్టిచ్చేది. సాయంత్రం వచ్చాక ఏమైనా దొరికిందా అని అడిగేది. ఇవాళ ఏమీ లేదు అనేవాడు. అరచేతుల్లో బొబ్బలు చూసి, కాగితాలకి బొబ్బలేమిటని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. ఆ ప్రశ్న గ్లెనిస్‌ని అడగాల్సింది కాదని అడిగాక తెలిసింది.

"నేనూ అడిగాను. రిబ్బన్లు కత్తిరించేది వెర్నాయే కదా, చెబితే ప్రతి ఏడూ నా ముక్క కత్తిరిస్తుంటే ఆమె మొహం చూడాల్సి వస్తుంది అన్నాడు."

వెర్నా బల్ల అంచు పట్టుకుంది. చెక్క గరుగ్గా ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం. పిల్లలు లేరు. ఉన్నది అతనొక్కడే, అతని కాగితాలే తన కాగితాలనుకుంది.

"ఇది డెస్‌కి ఇస్తాను. లిండ్సే నంబరు కొట్టేస్తారు. అప్పుడు నీ దరఖాస్తు మళ్ళీ చూడక తప్పదు."

"వద్దు. అమ్మ వద్దన్నది ఆవిడ పోయాక నేను చేస్తానా? నేను అడిగింది ఆవిడ పేరు. ఆయన పేరు తుడిచి ఆవిడ పేరు రాయమని అడగలేదు." గ్లెనిస్ లేచి పొయ్యి తలుపు సందులోంచి చూసింది. "చూడు, నీ మాటలకి కేకు దిగిపోతుంది."

బస్సులో తిరిగి వస్తూ వెర్నా నది చూసింది. నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి. ఆవిడ పేరే అడిగానన్న గ్లెనిస్ మాట తప్ప బుర్రలో ఏమీ లేదు. ఇంటికొచ్చి కవరుని నంబరు ఏడులోనే పెట్టి, ఆ ఫైలుని పెట్టెలో దాని చోట సర్దింది. జాబితా తీసి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. పెన్సిలు ముట్టుకోలేదు.

*

ఆదివారం గాలి కొట్టింది. వెనక కొండ మీద మంచు ఇంకా తెల్లగా ఉంది. తెల్ల రిబ్బన్లవాళ్ళు ఎనిమిదింటికే వచ్చి ఓబదయా సమాధిరాయి కడిగారు. మెత్తటి బ్రష్షు, వట్టి నీళ్ళు, కిందనుంచి పైకి. పైనుంచి కడిగితే మురికి చారలు దిగుతాయి. బల్లలు పరిచారు, నీళ్ళ డ్రమ్ము కింద మంట పెట్టారు. పదకొండింటికి రెండువందలమంది రంగురంగులుగా గడ్డి మీద నిలబడ్డారు. గ్లెనిస్ గుండె మీద అతిథి చీటీ పెట్టుకుని, టీ బల్ల వెనక నిలబడి తన కేకు కోస్తోంది.

డెస్మండ్ ఈల ఊదాడు. జనం మాటలు సద్దుమణిగాయి. వెర్నా రాయి పక్కన నిలబడి కాగితం విప్పింది. గాలికి రెపరెపలాడుతుంటే రెండు చేతుల్తోనూ పట్టుకుంది.

"వినిఫ్రెడ్ డూలీ."

"ఇక్కడే!" ఎర్ర రిబ్బన్ల వైపు నుంచి నాలుగు గొంతులు.

"క్లారెన్స్ పెల్."

"ఇక్కడే!"

"థెల్మా కాటెరాల్."

"ఇక్కడే," అన్నాడు డెస్మండ్, గొంతు సవరించుకుని. ఆమె వాళ్ళ అక్క.

నాలుగో పేరూ అయింది. మిగిలింది ఒక్కటే. వెర్నా కాగితం మీదనుంచి తల ఎత్తింది.

"ఐడా మాడ్ టాప్."

ఎవరూ పలకలేదు. డెస్మండ్ తన దగ్గరున్న నకలు కాగితం చూసుకున్నాడు, కళ్ళజోడు ముక్కు మీదకి జరిపి మళ్ళీ చూసుకున్నాడు. "వెర్నా, ఆ పేరు లేదే," అన్నాడు గొంతు తగ్గించి.

"ఐడా మాడ్ టాప్," అంది వెర్నా మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా.

టీ బల్ల వెనక కత్తి ఆగింది. గ్లెనిస్ మొహం ఎర్రబడింది. కత్తిని పళ్ళెం మీద పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుని, "ఇక్కడే," అంది. పెద్దగా ఏమీ అనలేదు. అయినా అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ఇక లిండ్సే పేరు. కాగితం మీద ఉంది, డెస్మండ్ పెద్ద అక్షరాలతో రాశాడు. వెర్నా నోరు తెరిచింది. పేరు రాలేదు. పిలవకూడదని ఆమె ముందుగా ఏమీ అనుకోలేదు. పిలవడానికే వచ్చింది. రెండోసారి ప్రయత్నించింది. రాకపోయేసరికి కాగితం నాలుగుగా మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"అయ్యో పాపం," అన్నారెవరో. "మొగుడి పేరు, నోట రాదు మరి." నీలం రిబ్బను ముసలావిడ వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇంకొకరు కుర్చీ తెచ్చారు. డెస్మండ్ టోపీ తీశాడు. ఇప్పుడు తాను పిలవాలా, వదిలెయ్యాలా అని అతనికి తోచలేదు. ఏ నియమంలోనూ అది లేదు.

"లిండ్సే ఆర్థర్ హాడ్రెల్."

టీ బల్ల వెనకనుంచి. గ్లెనిస్ టాప్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి, అందరికీ వినపడేలా పిలిచింది. అతిథి చీటీ గాలికి కొట్టుకుంటోంది.

ఆకుపచ్చ రిబ్బన్లవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పిలవాల్సిన మనిషి పిలవలేదు, పిలవకూడని మనిషి పిలిచింది. దీనికి పలకవచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. ఒక్క క్షణం ఏ గొంతూ లేవలేదు. ఆ ఒక్క క్షణం లిండ్సే ఎవరికీ ఏమీ కాడు. ఆ సంగతి అక్కడున్న రెండువందలమందిలో ఇద్దరికే తెలుసు.

"ఇక్కడే!" అంది వెర్నా.

ఆ గొంతు విని ఆమే ఉలిక్కిపడింది. అంత కోపం తన దగ్గర ఉందని ఆమెకి తెలియదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్న మనిషి తన ఏడుపు ఇంకొకరి వంటింట్లో ఏడిచి వచ్చి, ఇవాళ ఏమీ లేదు అన్నాడు. అతని మొహం పట్టుకుని అడగాలి. ఇంటికి వెళ్ళగానే అడగాలి అనుకుంది, నిజంగానే అనుకుంది. ఇంట్లో అతను లేడని ఆ తర్వాత గుర్తొచ్చింది. భుజం మీది చెయ్యి తీసేసి, కుర్చీ వద్దని, నిలబడే గట్టిగా ఏడ్చింది.

జనం తలలు దించుకున్నారు. డెస్మండ్ దగ్గరకి వచ్చి, చాలా మెల్లగా, "తెల్ల రిబ్బను అనకూడదు వెర్నా. నీకు తెలియంది కాదు," అన్నాడు.

"రాసుకో డెస్," అంది వెర్నా ఏడుస్తూనే. "ఇద్దరి పేర్లూ రాసుకో, ఐడాదీ, లిండ్సేదీ."

అతను జేబులు తడిమి పెన్సిలు తీశాడు.